అప్‌డేట్ తర్వాత నల్ల స్క్రీన్: లినక్స్ మింట్ 22, జీటీఎక్స్ 1650, అర్జెంట్

తెనాలి_కెమెరా

మూడు గంటల నుంచి కుస్తీ పడుతున్నా, ఇక నా వల్ల కావడం లేదు. ఎవరైనా మెలకువగా ఉంటే చూడండి.

నాది పెళ్లి వీడియోల పని. ఐ5-10400, 16 జీబీ ర్యామ్, లినక్స్ మింట్ 22. నెల కిందట సెకండ్ హ్యాండ్‌లో జీటీఎక్స్ 1650 కార్డు కొని పెట్టించాను. ఎన్‌విడియా సైట్ నుంచి డ్రైవర్ దించుకుని, ఒక వీడియోలో చూపించినట్టే టెర్మినల్‌లో వేశాను. కేడెన్‌లైవ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో గంటన్నర పట్టే ఎక్స్‌పోర్ట్ అరగంటకు వచ్చింది. నెల రోజులు ఏ గొడవా లేదు.

ఈ సాయంత్రం అప్‌డేట్ మేనేజర్ చూపించినవన్నీ వేసి రీస్టార్ట్ చేశాను. మింట్ లోగో వచ్చింది, తర్వాత అంతా నలుపు. పైన ఎడమ మూల ఒక చిన్న గీత మిణుకుమిణుకుమంటోంది, అంతే. నాలుగు సార్లు ఆపి వేశాను, అదే వరస. ఎల్లుండి ఇవ్వాల్సిన పెళ్లి ఫుటేజి 180 జీబీ ఇందులోనే ఉంది. కార్డు పోయిందా? ఫుటేజి పోయిందా? మళ్లీ మింట్ మొత్తం ఎక్కించాలా? ఫోన్ నుంచి రాస్తున్నా.

బెజవాడ_బిట్

కార్డు పోతే మింట్ లోగో కూడా కనపడదు. కంగారు పడకండి. ఫార్మాట్ మాత్రం చేయొద్దు, ఎవరు చెప్పినా సరే.

నైట్_షిఫ్ట్

బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్ లోడ్ చేసి చూడు బ్రో. నాకు ఒకసారి డిస్‌ప్లే రాకపోతే అలాగే వచ్చింది.

ఉలవచారు

ఎన్‌విడియా, లినక్స్ అంటే అత్తాకోడళ్ల కాపురం. నేను ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 580 వాడుతున్నా, ఇంతవరకు డ్రైవర్ అన్నమాటే ఎత్తలేదు. కార్డు పెట్టాను, ఆన్ చేశాను, అయిపోయింది.

టెర్మినల్_తాత

తెనాలి గారూ, ఫుటేజి ఎక్కడికీ పోలేదు. డిస్క్ మీద ఫైళ్లకూ ఈ నల్ల స్క్రీన్‌కూ సంబంధమే లేదు. ఏం జరిగి ఉంటుందో చెబుతాను, అర్థమైతే సగం టెన్షన్ పోతుంది.

మీరు సైట్ నుంచి దించుకున్నది డాట్ రన్ ఫైల్. అది డ్రైవర్‌ని ఆ రోజు మీ సిస్టమ్‌లో ఉన్న కర్నెల్‌కి, అంటే లినక్స్ గుండెకాయకి, సరిపడేలా తయారు చేసి పెడుతుంది. గ్రాఫిక్స్ డ్రైవర్‌లో ముఖ్యమైన ముక్క కర్నెల్ లోపల కూర్చుంటుంది, దాన్ని మాడ్యూల్ అంటారు. ఒక కర్నెల్‌కి చేసిన మాడ్యూల్ ఇంకో కర్నెల్‌కి పనికిరాదు, పక్కవాడి కొలతలకు కుట్టిన చొక్కా మనకు పట్టనట్టే. ఇవాళ అప్‌డేట్‌లో కొత్త కర్నెల్ వచ్చి ఉంటుంది. దానికి మాడ్యూల్ ఎవరూ చేయలేదు. పైగా ఆ డాట్ రన్ ఫైల్ వేసేటప్పుడు చివర్లో ఎక్స్ (తెర మీద డెస్క్‌టాప్ చూపించే ప్రోగ్రామ్) కాన్ఫిగరేషన్ రాయమంటారా అని అడుగుతుంది, వీడియోలో ఎస్ నొక్కమనే చెప్పి ఉంటారు. దాంతో ఎక్స్‌ఆర్గ్.కాన్ఫ్ అనే ఫైల్‌లో ఎన్‌విడియా డ్రైవర్ తప్ప ఇంకేదీ వాడొద్దని రాసిపెట్టేసింది. ఆ డ్రైవర్ లేదు, వేరేది వాడొద్దు, అందుకే తెర నల్లగా ఉండిపోయింది.

ఇప్పుడు చేయాల్సింది పాత కర్నెల్‌తో తెరవడం. అది ఇంకా లోపలే ఉంటుంది. సిస్టమ్ ఆన్ చేసి, మదర్‌బోర్డు లోగో పోగానే ఎస్కేప్ ఒక్కసారి నొక్కండి, గ్రబ్ అనే బూట్ మెనూ వస్తుంది. ఒక్కసారే. గబగబా నాలుగైదు సార్లు నొక్కితే గ్రబ్ అని ఖాళీ ప్రాంప్ట్ వస్తుంది. అలా వస్తే నార్మల్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టి, మళ్లీ వెంటనే ఎస్కేప్ ఒకసారి. మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, పై నుంచి రెండో కర్నెల్ ఎంచుకోండి. రికవరీ మోడ్ అని రాసి ఉన్నది కాదు, మామూలుది.

నైట్_షిఫ్ట్ తమ్ముడూ, బయోస్ జోలికి ఇప్పుడు వద్దు. అక్కడ ఏది మారుతుందో మనకు తెలియదు.

తెనాలి_కెమెరా

అయ్యో, మీ పోస్ట్ చూసేలోపే డిఫాల్ట్స్ లోడ్ చేసేశాను. ఇప్పుడు మీరు చెప్పినట్టు పాత కర్నెల్ ఎంచుకున్నా అదే నలుపు, అదే గీత.

టెర్మినల్_తాత

పర్లేదు. పాత కర్నెల్‌తో కూడా రాలేదంటే ఇంకో కారణం తోడైంది, దాని సంగతి తర్వాత చూద్దాం.

ఆ నల్ల తెర మీదే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కండి. లాగిన్ అని అక్షరాలు కనపడాలి.

సీతాకోక77

నాకూ ఇదే నలుపు వచ్చింది పోయిన ఏడాది, కానీ కారణం వేరు. డ్రైవర్ అంతా శుభ్రంగా వేసి, హెచ్‌డీఎంఐ వైరు మాత్రం మదర్‌బోర్డు వెనక ఉన్న సాకెట్‌కే పెట్టి ఉంచాను. రెండు రోజులు వెతికాను. తెనాలి గారూ, మీ వైరు కార్డుకే ఉందా? కేస్ వెనక కింది భాగంలో అడ్డంగా ఉండే సాకెట్లు కార్డువి, పైన నిలువుగా ఉండేవి బోర్డువి.

తెనాలి_కెమెరా

సీతాకోక గారూ, కార్డుకే ఉంది, చూశాను.

తాత గారూ, లాగిన్ వచ్చింది! పేరు, పాస్‌వర్డ్ కొట్టాను. పాస్‌వర్డ్ కొడుతుంటే ఏమీ కనపడలేదు కానీ లోపలికి వెళ్లింది.

బెజవాడ_బిట్

అది అంతే, చుక్కలు కూడా చూపించదు. లోపలికి వెళ్లారు కదా, ఫుటేజి ఉందో లేదో ఎల్ఎస్ అని కొట్టి చూసుకోండి, మనసు కుదుటపడుతుంది.

తెనాలి_కెమెరా

ఉంది. ఫోల్డర్లన్నీ ఉన్నాయి. ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారు పొద్దున్నే ఫోన్ చేశారు, ఎంతవరకు వచ్చింది బాబూ అని. ఇప్పుడు కాస్త అన్నం తింటాను.

టెర్మినల్_తాత

తినండి, తిన్నాకే మిగతాది.

తర్వాత మూడు పనులు. ఒకటి, పాత డ్రైవర్ తీసేయడం: సుడో ఎన్‌విడియా-అన్‌ఇన్‌స్టాల్. అడిగినవాటికి ఎస్ అనండి. పాత ఎక్స్ ఫైల్ తిరిగి పెట్టమంటారా అని అడిగితే నో అనండి.

రెండు, ఆ ఎక్స్‌ఆర్గ్.కాన్ఫ్ ఫైల్ పక్కకు తప్పించడం. తీసేయకండి, పేరు మార్చండి చాలు. ఈటీసీ ఫోల్డర్‌లో ఎక్స్11 అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో ఉంటుంది. ఎమ్‌వీ కమాండ్‌తో చివర పాత అని చేర్చండి.

మూడు, సుడో రీబూట్.

డెస్క్‌టాప్ వస్తుంది, కానీ నెమ్మదిగా, అక్షరాలు లావుగా ఉండొచ్చు. అది చాలు మనకు. వచ్చిన వెంటనే ఫుటేజి మొత్తం బయటి హార్డ్ డిస్క్‌కి కాపీ చేయండి. డ్రైవర్ ఆ తర్వాతే. ఈ వరస మాత్రం తప్పించొద్దు.

గోదారి_గట్టు

తాత గారి మాటతో ఒక చోట విభేదిస్తున్నా. డాట్ రన్ ఫైల్‌లోనే తప్పు లేదు. డీకేఎమ్ఎస్ అనే టూల్ ముందే ఉంచి, వేసేటప్పుడు డీకేఎమ్ఎస్‌తో రిజిస్టర్ చేయమంటారా అన్నదానికి ఎస్ అంటే, కర్నెల్ మారినప్పుడల్లా మాడ్యూల్ దానంతటదే తయారవుతుంది. నేను ఆరేళ్లుగా అలాగే వాడుతున్నా. సైట్‌లో కొత్త వెర్షన్ ముందు వస్తుంది, మింట్ సొంత సాఫ్ట్‌వేర్ రిపోజిటరీకి చేరేసరికి నెలలు పడుతుంది.

టెర్మినల్_తాత

గట్టు గారూ, మీకు నడుస్తుంది, ఎందుకంటే చెడితే బాగు చేసుకోవడం మీకు వచ్చు. డీకేఎమ్ఎస్ ఉన్నా కర్నెల్ హెడర్స్ (మాడ్యూల్ తయారీకి కావాల్సిన ఫైళ్లు) లేకపోతే మాడ్యూల్ తయారు కాదు, ఆ సంగతి ఎవరూ వచ్చి చెప్పరు. ఉబుంటు 22.04లో కర్నెల్ 6.5 వచ్చినప్పుడు ఏమైందో గుర్తుందా? ఆ కర్నెల్‌ని జీసీసీ అనే కంపైలర్ 12వ వెర్షన్‌తో చేశారు, సిస్టమ్‌లో ఉండేది జీసీసీ 11. డీకేఎమ్ఎస్ ఉన్నవాళ్లకు కూడా మాడ్యూల్ తయారు కాలేదు. జీసీసీ 12 ఎక్కిస్తే కానీ కుదరలేదు.

ఇంకోటి. డాట్ రన్ వేసిన ఫైళ్ల గురించి ఆప్ట్‌కి, అంటే మింట్‌లో సాఫ్ట్‌వేర్ వేసే ప్రోగ్రామ్‌కి, ఏమీ తెలియదు. రేపు ఆప్ట్ తన డ్రైవర్ వేస్తే రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. పని మీద బతికే మనిషికి నాలుగు నెలల పాత డ్రైవర్ నష్టమేమీ కాదు. మధ్యలో ఒక్క రోజు ఆగిపోతే నష్టం.

గోదారి_గట్టు

జీసీసీ మాట నిజమే, ఆ వారం నేనూ తల పట్టుకున్నాను. పని మెషీన్‌కి రిపోజిటరీ అంటే ఒప్పుకుంటా. కొత్త కార్డు కొన్న వెంటనే వాడాలనుకునేవాళ్ల సంగతి వేరు.

మిర్చిబజ్జీ_గుంటూరు

ఎవరైనా నా జీటీ 730 సంగతి కూడా చూస్తారా? అదే మింట్ 22. డ్రైవర్ మేనేజర్ తెరిస్తే ప్రొప్రైటరీ డ్రైవర్లేమీ అక్కర్లేదు అంటోంది. మా ఫ్రెండ్‌దీ జీటీ 730యే, అతనికి 470 చూపిస్తోంది. ఒకే కార్డుకి రెండు న్యాయాలా?

బెజవాడ_బిట్

పేరు ఒకటే, లోపల చిప్ వేరు. జీటీ 730 పేరుతో ఫెర్మి చిప్ కార్డులూ అమ్మారు, కెప్లర్ చిప్ కార్డులూ అమ్మారు. టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ కొట్టి వీజీఏ అన్న వరస చూడండి. జీకే208 అని ఉంటే కెప్లర్, 470 డ్రైవర్ పనిచేస్తుంది. జీఎఫ్108 అని ఉంటే ఫెర్మి, దానికి ఆఖరి డ్రైవర్ 390. దాన్ని ఎన్‌విడియా 2022 చివర్లో ఆపేసింది.

మిర్చిబజ్జీ_గుంటూరు

జీఎఫ్108 😔

బెజవాడ_బిట్

అయితే నూవో తోనే ఉండండి. సినిమాలు, బ్రౌజర్, ఆఫీస్ పనికి అది సరిపోతుంది. నూవో ఓపెన్ డ్రైవర్, కర్నెల్‌లోనే 2010 నుంచి ఉంది, కొత్తగా ఏమీ వేయక్కర్లేదు. 390 ని కొత్త కర్నెల్ మీద బలవంతంగా ఎక్కించే ప్యాచ్‌లు నెట్‌లో దొరుకుతాయి, వాటి జోలికి పోవద్దు. ప్రతి అప్‌డేట్‌కీ మళ్లీ మొదటికి వస్తుంది.

ఇక్కడ సెకండ్ హ్యాండ్ కార్డు కొనేవాళ్లందరికీ ఇదే చెబుతున్నా. డబ్బా మీద పేరు చూసి కొనకండి, చిప్ ఏ తరానిదో కనుక్కోండి. కెప్లర్ 470తో ఆగిపోయింది. మాక్స్‌వెల్, పాస్కల్ 580తో ఆగుతాయని ఎన్‌విడియానే చెప్పింది. ట్యూరింగ్ నుంచి, అంటే జీటీఎక్స్ 16, ఆర్‌టీఎక్స్ 20 నుంచి పైవాటికి ఇంకా కాలం ఉంది. వెయ్యి రెండు వేలు తక్కువకు వస్తోందని పాత తరం తీసుకుంటే తర్వాత బాధపడాలి.

ఉలవచారు

అందుకే ఏఎమ్‌డీ అంటున్నా. ఏఎమ్‌డీజీపీయూ డ్రైవర్ 2015లో కర్నెల్ 4.2 నుంచీ లోపలే ఉంది, పైన మెసా అనే ఓపెన్ గ్రాఫిక్స్ లైబ్రరీ ఉంటుంది. వేయాల్సిందీ లేదు, తీయాల్సిందీ లేదు. 2012లో ఫిన్లాండ్‌లో ఆల్టో యూనివర్సిటీకి వెళ్లిన లినస్ టోర్వాల్డ్స్ వేదిక మీదే ఎన్‌విడియాకి వేలు చూపించాడు. లినక్స్ పుట్టించిన మనిషికే అంత కోపం వచ్చింది.

రాత్రిబడి

ఆ మాట 2012 నాటిది. 2022 మే నెలలో ఎన్‌విడియా కర్నెల్ మాడ్యూళ్ల సోర్స్ బయటపెట్టింది. ఇప్పుడు బ్లాక్‌వెల్ కార్డులు, అంటే ఆర్‌టీఎక్స్ 50 వరస, ఆ ఓపెన్ మాడ్యూళ్లతోనే నడుస్తాయి. అంతా తెరిచారని కాదు, పైన ఉండే ఓపెన్‌జీఎల్ (గ్రాఫిక్స్ గీసేది), క్యూడా (కార్డుతో లెక్కలు చేయించేది) భాగాలు ఇంకా మూసే ఉన్నాయి.

నేను బ్లెండర్ మీద పనిచేస్తా. ఉలవచారు గారూ, మీ ఆర్‌ఎక్స్ 580 ఆటలకు మంచి కార్డు, కాదనను. కానీ బ్లెండర్‌లో సైకిల్స్ అనే ఇంజిన్‌తో రెండర్‌కి పెట్టి చూడండి. కార్డుతో లెక్కలు చేయించే తన సాఫ్ట్‌వేర్ రాకమ్‌లోంచి ఏఎమ్‌డీ మీ 580 లాంటి పోలారిస్ తరం కార్డులను ఎప్పుడో తప్పించేసింది. నేను మొదట ఏఎమ్‌డీనే కొన్నా, నెలకే అమ్ముకుని ఎన్‌విడియా తీసుకున్నా. చేసే పనిని బట్టి కార్డు ఉండాలి.

ఉలవచారు

రెండర్ విషయం నాకు అనుభవం లేదు, మీరు చెప్పింది ఒప్పుకుంటా. ఆటలకూ రోజువారీ పనికీ నా మాట నాదే.

తెనాలి_కెమెరా

డెస్క్‌టాప్ వచ్చింది! మౌస్ ఆగి ఆగి కదులుతోంది, కిందేదో సాఫ్ట్‌వేర్ రెండరింగ్ మోడ్ అని మెసేజ్ వచ్చింది. పర్లేదు కదా? ఫుటేజి కాపీ పెట్టాను, గంట పడుతుందట.

టెర్మినల్_తాత

ఆ మెసేజ్ రావాల్సిందే. కార్డు డ్రైవర్ లేదు కాబట్టి బొమ్మ గీసే పని ప్రాసెసర్ చేస్తోంది. కాపీ అయ్యాక టైమ్‌షిఫ్ట్ తెరిచి ఒక స్నాప్‌షాట్ తీసుకోండి. మింట్‌తోనే వస్తుంది, చాలామంది అసలు తెరవరు. రేపు ఏది చెడినా ఈ స్థితికి తిరిగి రావచ్చు.

తర్వాత డ్రైవర్ మేనేజర్ తెరవండి. రికమెండెడ్ అని ఏ నంబరు చూపిస్తుందో చెప్పండి.

తెనాలి_కెమెరా

550 రికమెండెడ్ అంది. దాని కిందే 550-ఓపెన్, 535, 535-సర్వర్ అని ఇంకా చాలా ఉన్నాయి. ఏది మంచిది?

కోనసీమ_కోడ్

సర్వర్ అన్నది డేటా సెంటర్ల కోసం, మనకు కాదు. ఓపెన్ అన్నది రాత్రిబడి గారు చెప్పిన ఓపెన్ మాడ్యూళ్లది. మీ 1650 ట్యూరింగ్ కాబట్టి ఏదైనా నడుస్తుంది. నాది 1050 టీఐ, పాస్కల్. ఓపెన్ అంటే మంచిదేమో అనుకుని అదే వేశాను, కార్డుని అసలు గుర్తించనే లేదు. పాస్కల్‌కి ఓపెన్ మాడ్యూళ్లు పనిచేయవని అప్పుడు తెలిసింది. మళ్లీ తీసి మామూలుది వేస్తే రెండు నిమిషాల్లో అయిపోయింది. అక్క పెళ్లిచూపుల రోజు జరిగింది ఇది, ఇంటి నిండా చుట్టాలు, నేను మాత్రం టెర్మినల్ ముందు.

టెర్మినల్_తాత

తెనాలి గారూ, మామూలు 550 తీసుకోండి. డెస్క్‌టాప్ మొరాయిస్తోంది కాబట్టి టెర్మినల్‌లోనే వేద్దాం: సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎన్‌విడియా-డ్రైవర్-550. అయ్యాక రీబూట్ చేసి, ఎన్‌విడియా-ఎస్‌ఎమ్‌ఐ అని కొట్టండి. కార్డు పేరు, 4 జీబీ మెమరీ ఉన్న పట్టిక రావాలి.

తెలుగోడు_ఫెడోరా

మింట్ వాళ్లకు ఈ సుఖమైనా ఉంది. ఫెడోరాలో ఆర్‌పీఎమ్ ఫ్యూజన్ అనే బయటి రిపోజిటరీ చేర్చి ఏకేమాడ్-ఎన్‌విడియా ప్యాకేజీ వేయాలి. వేయగానే రీస్టార్ట్ చేయకూడదు. వెనక మాడ్యూల్ తయారవుతూ ఉంటుంది, ఐదు నిమిషాలైనా ఆగాలి. నేను మొదటిసారి ఆత్రంగా రీస్టార్ట్ చేసి నల్ల తెర చూశాను. ఇప్పుడు మాడ్ఇన్ఫో కమాండ్‌తో వెర్షన్ చూపించేదాకా కుర్చీలోంచి లేవను.

తెనాలి_కెమెరా

వేశాను. మధ్యలో సెక్యూర్ బూట్ అని ఏదో పెద్ద వ్యాసం చూపించి పాస్‌వర్డ్ పెట్టమంది, పెట్టాను. రీబూట్ చేస్తే నీలం స్క్రీన్ వచ్చింది! గుండె ఆగినంత పనైంది, మళ్లీ ఏదో చెడిందనుకుని కంటిన్యూ బూట్ నొక్కేశాను. డెస్క్‌టాప్ వచ్చింది కానీ మునుపటిలాగే నెమ్మది. ఎన్‌విడియా-ఎస్‌ఎమ్‌ఐ కొడితే డ్రైవర్‌తో మాట్లాడలేకపోయాను అంటోంది.

బెజవాడ_బిట్

దొరికింది! ఆ నీలం స్క్రీనే అసలు మెట్టు. తాత గారూ, పాత కర్నెల్‌తో ఎందుకు రాలేదో కూడా ఇప్పుడు తెలిసిపోయింది.

టెర్మినల్_తాత

అవును. సుడో మాడ్‌ప్రోబ్ ఎన్‌విడియా అని కొట్టి ఏమంటుందో చూడండి. తర్వాత మోక్‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్ అని కొట్టండి.

తెనాలి_కెమెరా

మొదటిదానికి "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్". రెండోదానికి "సెక్యూర్ బూట్ ఎనేబుల్డ్".

టెర్మినల్_తాత

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, నమ్మిన సంతకం లేని ఏ మాడ్యూల్‌నీ కర్నెల్ లోపలికి రానివ్వదు. మీకు నెల రోజులు సెక్యూర్ బూట్ ఆఫ్‌లో ఉంది, కాబట్టి సంతకం లేని డాట్ రన్ మాడ్యూల్ కూడా నడిచింది. బయోస్ డిఫాల్ట్స్ లోడ్ చేయగానే అది ఆన్ అయింది. అందుకే పాత కర్నెల్‌లో సరైన మాడ్యూల్ ఉండి కూడా గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

ఇప్పుడు కొత్త డ్రైవర్ వేసినప్పుడు మీ సిస్టమ్ ఒక తాళంచెవి తయారు చేసుకుని, దాంతో మాడ్యూల్ మీద సంతకం పెట్టింది. ఆ తాళంచెవి ఈ ఇంటి మనిషిదేనని మదర్‌బోర్డుకి మీరు స్వయంగా చెప్పాలి. ఆ నీలం స్క్రీన్ అడిగేది అదే. పాస్‌వర్డ్ పెట్టమన్నదీ అందుకే. దాన్ని దాటేశారు కాబట్టి మళ్లీ పిలవాలి.

నైట్_షిఫ్ట్

డిఫాల్ట్స్ లోడ్ చేయమన్నది నేనే. నా మాట వల్ల మీకు రెండు గంటలు ఎక్కువ పట్టింది. సారీ అన్నా. ఇక మీదట తెలియకుండా బయోస్ సలహా ఇవ్వను.

తెనాలి_కెమెరా

అయ్యో పర్లేదు తమ్ముడూ, అర్ధరాత్రి నా కోసం కూర్చుని రాశావు. అది చాలదా.

నల్గొండ_నెట్‌వర్క్

ఇంత కథ ఎందుకు? బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆపేయండి, అర నిమిషం పని. ఇంట్లో వాడుకునే డెస్క్‌టాప్‌కి అది దేనికి?

కోనసీమ_కోడ్

నల్గొండ గారూ, విండోస్ కూడా ఉన్నవాళ్లకు అది అంత తేలిక కాదు. విండోస్ డ్రైవ్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, సెక్యూర్ బూట్ మార్చగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది దాచుకోని మా కజిన్‌కి విండోస్ డ్రైవ్ మొత్తం పోయింది. పైగా విండోస్ 11లో వాలరెంట్ ఆడేవాళ్లకు సెక్యూర్ బూట్ ఉండాల్సిందే.

నల్గొండ_నెట్‌వర్క్

విండోస్ లేనివాళ్లకు చెప్పాను. తెనాలి గారూ, మీకు విండోస్ ఉందా?

తెనాలి_కెమెరా

ఉంది, ఇంకో డ్రైవ్‌లో. ఆల్బమ్ డిజైన్ కోసం ఫోటోషాప్ అందులోనే.

టెర్మినల్_తాత

అయితే ఆపకుండా సంతకం దారిలోనే వెళ్దాం. నల్గొండ గారు చెప్పింది తప్పు కాదు, విండోస్ లేకపోతే చాలామంది అదే చేస్తారు. నాకు మాత్రం ఒక్కసారి కష్టపడి తాళంచెవి నమోదు చేయిస్తే తర్వాత ఎన్ని కర్నెల్‌లు మారినా అడగదన్నది నచ్చుతుంది.

ఈ కమాండ్ కొట్టండి: సుడో మోక్‌యుటిల్ --ఇంపోర్ట్ /వార్/లిబ్/షిమ్-సైన్డ్/మోక్/మోక్.డెర్. ఇంగ్లీషులో టైప్ చేసేటప్పుడు చివరి మోక్ ఒక్కటే పెద్ద అక్షరాలు, మిగతావన్నీ చిన్నవి. పాస్‌వర్డ్ అడుగుతుంది. ఎనిమిది అంకెలు పెట్టండి, గుర్తులూ పెద్ద అక్షరాలూ వద్దు. ఒక్కసారి వాడే పాస్‌వర్డ్ అది, కాగితం మీద రాసుకోండి.

రీబూట్ చేస్తే నీలం స్క్రీన్ వస్తుంది. పది సెకన్లలో ఏదో ఒక కీ నొక్కాలి, లేదంటే అదే దాటిపోతుంది. మెనూలో రెండోది, ఎన్‌రోల్ మోక్ (మోక్ అంటే ఆ తాళంచెవే). తర్వాత కంటిన్యూ, తర్వాత ఎస్, పాస్‌వర్డ్, రీబూట్. పాస్‌వర్డ్ అంకెలు కీబోర్డ్ పై వరసలోవే కొట్టండి. పక్కన ఉండే నంబర్ ప్యాడ్ అక్కడ ఒక్కోసారి పనిచేయదు.

సీతాకోక77

వైర్‌లెస్ కీబోర్డ్ అయితే ఒక వైరు కీబోర్డ్ దగ్గర పెట్టుకోండి. బ్లూటూత్ కీబోర్డ్‌కి ఆ స్క్రీన్ దగ్గర ప్రాణం ఉండదు.

రాత్రిబడి

తాత గారూ, ఉబుంటు వాళ్లు ముందే సంతకం చేసిన మాడ్యూళ్లు కూడా ఇస్తారు కదా, లినక్స్-మాడ్యూల్స్-ఎన్‌విడియా అన్న పేరుతో. అవి వేసుకుంటే ఈ నీలం స్క్రీన్ గొడవే లేదు.

టెర్మినల్_తాత

నిజమే, ఉబుంటులో సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్ అంటే చాలాసార్లు అవే వస్తాయి. 550తో పాటు డీకేఎమ్ఎస్ ఇప్పటికే వేసేశాం కాబట్టి సగంలో దారి మార్చడం ఇష్టం లేక చెప్పలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మీరు చెప్పినట్టే చేయండి.

గోదారి_గట్టు

ఈ విషయంలో తాత గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నా, రాసి పెట్టుకోండి 🙂

తెనాలి_కెమెరా

వచ్చింది!! ఎన్‌విడియా-ఎస్‌ఎమ్‌ఐ పట్టిక వచ్చింది. జీటీఎక్స్ 1650, 4096, డ్రైవర్ 550. మౌస్ నీళ్లలా కదులుతోంది. మొదటిసారి పాస్‌వర్డ్ తప్పు అంది, సీతాకోక గారి మాట గుర్తొచ్చి మా అబ్బాయి పాత వైరు కీబోర్డ్ తెచ్చి పై వరస అంకెలు కొడితే తీసుకుంది.

తెల్లవారుజాము మూడు అయింది. మా ఆవిడ లేచి వచ్చి, ఎవరితో మాట్లాడుతున్నావు ఈ వేళప్పుడు అంది. ఈ పేజీ చూపించాను.

బెజవాడ_బిట్

👏👏 కేడెన్‌లైవ్ ఎక్స్‌పోర్ట్‌లో ఎన్‌వీఈఎన్‌సీ (కార్డుతోనే వీడియో ఎన్‌కోడ్ చేసే) ప్రొఫైల్ మళ్లీ ఎంచుకోవడం మర్చిపోకండి. మరిచిపోతే ప్రాసెసర్ మీదే నడుస్తుంది, గంటన్నర ఖాయం.

మిర్చిబజ్జీ_గుంటూరు

చాలా సంతోషం అండీ. నేను కూడా నూవోతో స్థిరపడ్డాను. పాత సినిమా పాటలు చూసుకోవడానికి అంతే చాలు.

టెర్మినల్_తాత

మంచిది. పడుకోండి. పెళ్లి వీడియో ఇచ్చేదాకా అప్‌డేట్లు వేయకండి. ఇచ్చాక వేయండి, మానొద్దు. వేసేముందు టైమ్‌షిఫ్ట్, వేశాక రీస్టార్ట్.

తెనాలి_కెమెరా

మూడు రోజుల తర్వాత రాస్తున్నా. వీడియో ఇచ్చేశాను. తాళి కట్టే ఘట్టం చూసి ఆ పెద్దాయన కళ్లు తుడుచుకున్నారు. ఇందులో మీ అందరి పాలూ ఉంది.

ఇవాళ తాత గారు చెప్పినట్టే స్నాప్‌షాట్ తీసుకుని అప్‌డేట్లు వేశాను. కర్నెల్ మళ్లీ మారింది. డెస్క్‌టాప్ మామూలుగానే ఉంది కానీ ఎన్‌విడియా-ఎస్‌ఎమ్‌ఐ మాత్రం డ్రైవర్, లైబ్రరీ వెర్షన్లు కలవడం లేదు అంటోంది. మళ్లీ మొదలా?

టెర్మినల్_తాత

రీస్టార్ట్ చేశారా?

తెనాలి_కెమెరా

లేదు.

టెర్మినల్_తాత

చేయండి. డిస్క్ మీద కొత్త డ్రైవర్ వచ్చింది, మెమరీలో పాతదే నడుస్తోంది, అందుకే ఆ మాట.

తెనాలి_కెమెరా

చేశాను. నీలం స్క్రీన్ రాలేదు, నలుపూ రాలేదు. పట్టిక వచ్చింది. మాఘమాసం పెళ్లిళ్లు ఇంకా నాలుగున్నాయి, పనిలో పడతాను.